మీ సోఫా లోపల ఏముంది? గుడ్డ కింద దాగిన 500 ఏళ్ల కథ

ఈరోజు రాజుల కథ కాదు, యుద్ధాల కథ కాదు. మీలో చాలామంది ఇప్పుడు దేని మీద వాలి ఈ వీడియో చూస్తున్నారో, దాని కథ. సోఫా. ముందు ఒక ప్రశ్న అడుగుతాను. మీ ఇంట్లో సోఫా కొని ఎన్నేళ్లయినా కానివ్వండి, దాని లోపల ఏముందో ఎప్పుడైనా చూశారా? రంగు చూసుంటారు, ధర చూసుంటారు, ఈఎంఐ ఎన్ని నెలలో చూసుంటారు. లోపల మాత్రం చూసి ఉండరు. మెత్తటి కుర్చీల చరిత్రలో గొడవలన్నీ దాదాపు ఈ ఒక్క పాయింటు దగ్గరే వచ్చాయి. కనిపించేది గుడ్డ. పనిచేసేది లోపలి సరుకు.

మాటల దగ్గర మొదలుపెడదాం. సోఫాకు మూలం అరబ్బీలో 'సుఫ్ఫా'. అంటే తివాచీ, దిండ్లు పరిచిన అరుగులాంటిది. టర్కీ మీదుగా యూరప్‌కు పోయి, ఇంగ్లీషుతో పాటు మన హాల్లోకి వచ్చింది. 'దివాన్' ఇంకా సరదాగా ఉంటుంది. పారశీకంలో అది మొదట లెక్కల పుస్తకం. తర్వాత ఆ లెక్కలు చూసే కచేరీ. ఆ తర్వాత అలాంటి చోట గోడ వెంబడి వేసే మెత్తల బల్ల. హైదరాబాద్ రాజ్యంలో ప్రధానమంత్రి దివాన్. జమీందారుగారి కోట దివాణం. మధ్యాహ్నం భోజనం అయ్యాక నాన్నగారు కునుకు తీసేది దివాన్ కాట్. ముగ్గురూ చుట్టాలే!

మొదట్లో ఎత్తు మీద కూర్చోవడం అంటే సుఖం కాదు, హోదా. ఫ్రాన్సులో 14వ లూయీ కొలువులో రాజుగారి ఎదుట డచెస్‌లకు దక్కిన పెద్ద గౌరవం ఏంటో తెలుసా? ఒక స్టూలు. వీపుకు ఆనుడు లేదు, చేతులు లేవు. అది కూడా దక్కనివాళ్లు నిలబడాల్సిందే. మన హైదరాబాద్‌లోనూ ఇలాంటిదే జరిగింది. 1869లో మూడేళ్లు కూడా నిండని మహబూబ్ అలీ ఖాన్‌ను నిజాం గద్దె మీద కూర్చోబెట్టారు. అప్పటిదాకా బ్రిటిష్ రెసిడెంటు నిజాం దర్బారుకు వస్తే బూట్లు విప్పి, కింద కూర్చోవాలి. ఆ దర్బారులో మాత్రం రెసిడెంటు బూట్లతోనే వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఒక్క కుర్చీతో ఎవరు పైనో చెప్పేశారన్నమాట.

మన హాల్లో సోఫా కూడా కొంత ఈ బాపతే అని నాకనిపిస్తుంది. చుట్టాలొస్తే తప్ప దాని మీది దుప్పటి తీయం. మనం మాత్రం కింద కూర్చుని, దానికి వీపు ఆనించి టీవీ చూస్తాం. నిజమా కాదా?

సరే, ఇప్పుడు గుడ్డ విప్పుదాం. లండన్‌లో పరుపులు, మెత్తలు అమ్మేవాళ్లకు మధ్యయుగాల నుంచే ఒక సంఘం ఉండేది. వాళ్లను 'అప్‌హోల్డర్లు' అనేవాళ్లు. అప్‌హోల్‌స్టరీ అనే మాట ఆ పేరుతో వచ్చిందే. 1474లో వీళ్లు నగర అధికారుల దగ్గరికి ఒక అర్జీతో వెళ్లారు. ఈకల పరుపు అని చెప్పి ముళ్లమొక్కల నూగు కూరుతున్నారు, ఉన్ని అని చెప్పి వెంట్రుకలు కూరుతున్నారు, షాపుల్లోకి వెళ్లి తనిఖీ చేసే అధికారం మాకు ఇవ్వండి అని. ఇరవయ్యొక్క ఏళ్లకు, 1495లో పార్లమెంటే చట్టం చేయాల్సి వచ్చింది. ఎందుకంటే సున్నంలో నానబెట్టిన తోళ్ల నుంచి గీకేసిన మేక వెంట్రుకలు, జింక వెంట్రుకలు కూడా కుక్కేస్తున్నారు. కొన్నప్పుడు ఏమీ తెలియదు. మనిషి పడుకుని ఒంటి వేడి తగిలాక కంపు మొదలవుతుంది. ఆ కంపుతో జనం రోగాల పాలవుతున్నారని చట్టంలోనే రాసుకున్నారు. ఫోటోలో ఒకటి, డెలివరీలో ఇంకొకటి అని మనం ఇవాళ తిట్టుకుంటున్నాం కదా, దానికి ఐదొందల ఏళ్ల వయసుంది.

మరి మంచి సరుకు ఏది? చాలాకాలం గుర్రపు వెంట్రుకే నంబర్ వన్. జడ వేసిన తడి జుట్టు ఆరాక విప్పితే వంకీలు తిరుగుతుంది కదా, అదే కిటుకు. గుర్రం తోక వెంట్రుకల్ని తాడులా బిగించి పేని, ఉడికించి, ఆరబెట్టి, మళ్లీ విప్పుతారు. ఆ వంకీ పోదు. నొక్కితే అణుగుతుంది, వదిలితే లేస్తుంది. బాగా చేసిన మెత్త దశాబ్దాలు ఉంటుంది. పాతకాలం సోఫాల వీపు మీద లోపలికి గుచ్చిన గుండీలు చూసే ఉంటారు. అందం కోసం అనుకుంటాం కానీ, కూరిన వెంట్రుక జారి కిందికి చేరకుండా పట్టి ఉంచేది ఆ కుట్టే. తర్వాత 19వ శతాబ్దంలో ఇనుప స్ప్రింగులొచ్చాయి. 1822లో వియన్నాలో, 1828లో ఇంగ్లండ్‌లో పేటెంట్లు తీసుకున్నారు. అక్కడి నుంచే సోఫాలు లావెక్కాయి.

ఇక్కడ మన సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మన పరుపు సోఫాకు పూర్తిగా రివర్సు. బూరుగు దూదో, పత్తో కూరుతాం. రెండు మూడేళ్లకు గడ్డ కడుతుంది. అప్పుడు దూదేకే ఆయన విల్లు భుజానేసుకుని వీధిలోకొస్తాడు. మీ వాకిట్లోనే, మీ కళ్ల ముందే పరుపు విప్పి, దూది ఏకి, ఎండలో పోసి, మళ్లీ కుడతాడు. దూది ఎంత పాడైంది, కొత్తది ఎంత కలపాలి, అన్నీ అమ్మమ్మ అక్కడే పీట వేసుకుని కూర్చుని చూస్తుంది. దాచడానికి చోటే లేదు. సోఫా మాత్రం నాలుగు వైపులా కుట్టేసి, పిన్నులు కొట్టేసి ఇంటికొస్తుంది. మనం పోగొట్టుకున్నది ఆ చూపేనని నా అభిప్రాయం.

తర్వాత ఫోమ్ వచ్చింది. 1929లో బ్రిటన్‌లో డన్‌లప్ వాళ్లు రబ్బరు పాలను నురగ కొట్టి లేటెక్స్ ఫోమ్ చేశారు. 1937లో జర్మనీలో ఒట్టో బాయర్ బృందం పాలీయురెథేన్ కనిపెట్టింది. 1950ల్లో దాని నుంచి మెత్తటి ఫోమ్ ఫ్యాక్టరీల్లో తయారైంది. చవక, తేలిక, ఏ షేపులో కావాలంటే ఆ షేపులో కోయొచ్చు. సామాన్యుల ఇళ్లలోకి సోఫా వచ్చిందంటే దీని పుణ్యమే, కాదనను. కానీ దీనికి నిప్పంటుకుంటే మామూలుగా ఉండదు. 1979 మే 8న ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్‌లో వుల్‌వర్త్స్ అనే పెద్ద దుకాణంలో ఫర్నిచర్ సెక్షన్లో నిప్పు రాజుకుంది. ఫోమ్ ఫర్నిచర్ నుంచి నల్లటి విషపు పొగ నిమిషాల్లో కమ్మేసింది. పదిమంది చనిపోయారు. ఇలాంటి ప్రమాదాల తర్వాత 1988లో బ్రిటన్ కఠినమైన రూల్స్ పెట్టింది. సిగరెట్ నిప్పు తగిలినా, అగ్గిపుల్ల తగిలినా సోఫా భగ్గుమనకూడదు. ఆ పరీక్షలు పాసవడానికి కలిపే రసాయనాలు ఆరోగ్యానికి మంచివేనా అన్నది ఇంకో పెద్ద గొడవ. అది విడిగా ఒక ఎపిసోడ్ అవుతుంది. మనకు ఇప్పటికి చాలు: దీపారాధన చేసే చోటికి, అగరొత్తులకు, ఛార్జింగ్ పెట్టిన ఫోనుకు సోఫాను దూరంగా ఉంచండి. ఫోన్ కుషన్ కింద పెట్టి ఛార్జింగ్ పెట్టేవాళ్లున్నారు. దయచేసి మానేయండి.

మరి కొనేటప్పుడు ఏం చూడాలి? షాపులో 'సాఫ్ట్‌గా ఉంది సార్, నొక్కి చూడండి' అంటారు. మెత్తదనం వేరు, డెన్సిటీ వేరు. 32 డెన్సిటీ అంటే ఘనపు మీటరు ఫోమ్ 32 కిలోలు తూగుతుందని. డెన్సిటీ తక్కువైతే ఈరోజు మెత్తగానే ఉంటుంది, కొన్నాళ్లకు గుంట పడుతుంది. దీనికి ఒక లెక్క ఉంది. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, 5 అంగుళాల మందం ఉన్న 32 డెన్సిటీ ఫోమ్ కిలోన్నర తూగాలి. కుషన్ విడిగా వస్తే జిప్పు తీసి, ఫోమ్‌ను లగేజీ తూచే చిన్న కాటాకు తగిలించండి. ముప్పావు కిలో వస్తే మీకు చెప్పింది అబద్ధమే. అయితే రంగురంగుల ముక్కలు అతికించిన ఫోమ్ బరువు ఎక్కువే తూగుతుంది. అందుకే కాటాతో పాటు కళ్లూ వాడండి.

తర్వాత సోఫా ముందు మూలను ఒకదాన్ని జానెడు పైకెత్తండి. ఫ్రేమ్ గట్టిదైతే పక్క కాలు కూడా వెంటనే లేస్తుంది. ఫ్రేమ్ మెలితిరిగి కిర్రుమంటే వదిలేయండి. కింద నల్లగుడ్డలోంచి టార్చ్ వేస్తే బెల్టులు, స్ప్రింగులు ఎంత దగ్గరగా ఉన్నాయో కనిపిస్తాయి. ఇంకోటి, అమ్మానాన్నల్ని షాపుకు తీసుకెళ్లి కూర్చోబెట్టండి. పాదాలు నేలకు ఆనాలి, చేతులు ఊతం లేకుండా లేవగలగాలి. ఫోటోల్లో బాగుండే లోతైన, కిందికున్న సోఫాలు మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు శిక్ష. మీలా మఠం వేసుకుని, సక్లముక్లం పెట్టుకుని కూర్చునేవాళ్లకైతే ఆ లోతు హాయిగానే ఉంటుందనుకోండి.

కొత్తది కొనే ముందు పాతదాన్ని ఒకసారి రిపేరు షాపులో చూపించండి. మా వీధి చివర ఒకాయన ఉన్నాడు, ముందు చెక్కను తడతాడు, తర్వాతే మాట్లాడతాడు. ఫ్రేమ్ బాగుంటే బెల్టులు, ఫోమ్, గుడ్డ మార్చి పంపించేస్తాడు. మీరు కూడా సోఫాను ట్రాలీలో ఎక్కించి ఇంటికెళ్లిపోకండి. ఒక టీ తెప్పించుకుని అక్కడే కూర్చుని, మీ ఎదురుగానే విప్పించండి.

వచ్చే ఎపిసోడ్‌లో నులక మంచం కథ. ఉంటాను మరి.