కీమో తీసుకుంటూ దీవిలో ఉంటే: అండమాన్ తెలుగువారు తెలుసుకోవాల్సిన జాగ్రత్తలు

క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకునేవారు ఆసుపత్రిలో గడిపేది చాలావరకు కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో మాత్రమే. మిగతా రోజులన్నీ ఇంట్లోనే గడుస్తాయి. వాంతులు, నీరసం, నోటిపూత, జ్వరం లాంటి ఇబ్బందులు ఎక్కువగా కనిపించేది కూడా ఆ ఇంటి రోజుల్లోనే. విశాఖపట్నంలోనో హైదరాబాద్‌లోనో ఉన్న రోగి ఏదైనా తేడా వస్తే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్లగలరు. అండమాన్‌లో ఉన్న రోగికి, చికిత్స మొదలుపెట్టిన డాక్టరుకు మధ్య చాలాసార్లు సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం ఉంటుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3.8 లక్షలు. వారిలో 13 శాతానికి పైగా మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వీరిలో చాలా ఉన్నాయి. క్యాన్సర్ చికిత్స కోసం వీరు చెన్నై, కోల్‌కతా, విశాఖ వైపు చూస్తారు. విశాఖ దగ్గర అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ నడిపే హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రి, చెన్నై అడయార్‌లో 1954లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి స్థాపించిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ అలాంటివే. మందు ఎక్కించుకుని దీవికి తిరిగొచ్చాక ఇంట్లో ఎలా ఉండాలన్నదే ఈ కథనం.

కీమో ఎందుకు నీరసింపజేస్తుంది?

కీమో మందులు వేగంగా విభజన చెందే కణాలపై దాడి చేస్తాయి. క్యాన్సర్ కణాలు అలాంటివే. అయితే ఎముక మజ్జలో రక్తం తయారుచేసే కణాలు, నోరు, పేగుల లోపలి పొర, జుట్టు కుదుళ్లు కూడా వేగంగా పెరిగేవే. అందుకే రక్తకణాలు తగ్గుతాయి, నోరు పూస్తుంది, జుట్టు రాలుతుంది. ఈ మామూలు కణాలు మళ్లీ కోలుకోగలవు. వాటికి సమయం ఇవ్వడానికే రెండు డోసుల మధ్య రెండు మూడు వారాల విరామం ఉంచుతారు.

చాలా మందుల విషయంలో తెల్లరక్తకణాలు బాగా తగ్గిపోయేది డోసు తీసుకున్న 7 నుంచి 14 రోజుల మధ్య. ప్రధాన భూభాగం నుంచి ఓడలో వస్తే రెండున్నర, మూడు రోజులు పడుతుంది. అంటే ఓడ దిగి ఇల్లు చేరి, ఇక కుదుటపడ్డామనుకునే సమయానికే ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువగా ఉండే రోజులు మొదలవుతాయి. డోసు తేదీని, ఆ ఏడు నుంచి పద్నాలుగో రోజు వరకు ఉన్న తేదీలను క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోవాలి.

జ్వరం వస్తే ఆగకూడదు

కీమో రోగి ఇంట్లో తప్పనిసరిగా ఉండాల్సిన వస్తువు థర్మామీటర్. ఒళ్లు వెచ్చబడినట్టు అనిపించినా, చలి వణుకు వచ్చినా వెంటనే చూసుకోవాలి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది అత్యవసర పరిస్థితి. తెల్లకణాలు తక్కువగా ఉన్నప్పుడు ఇన్ఫెక్షన్ కొన్ని గంటల్లోనే ప్రాణం మీదకు తేవచ్చు. చీము, వాపు లాంటి లక్షణాలేవీ లేకుండా జ్వరం ఒక్కటే కనిపించవచ్చు.

డాక్టరును అడగకుండా పారాసిటమాల్ వేసుకోకూడదు. అది జ్వరాన్ని దించుతుంది గానీ ఇన్ఫెక్షన్‌ను తగ్గించదు. తెల్లారాక చూద్దామని ఆగకూడదు.

దీవుల్లో మరో చిక్కు ఉంది. ఇక్కడ మలేరియా ఉంది, లెప్టోస్పైరోసిస్ ఉంది. పోర్ట్ బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రం లెప్టోస్పైరోసిస్ పరిశోధనకు పేరు పొందిందే. జ్వరంతో వెళ్తే అక్కడి సిబ్బంది ముందుగా ఈ జబ్బులను అనుమానించడం సహజం. అందుకే ఆసుపత్రిలో అడుగుపెట్టగానే చెప్పాల్సిన మొదటి మాట: ‘ఈయన కీమో తీసుకుంటున్నారు, చివరి డోసు ఫలానా తేదీన’. ఆ మాట విన్నాక రక్తపరీక్ష, యాంటీబయాటిక్ ఎంత త్వరగా మొదలుకావాలో వారికి అర్థమవుతుంది. మందుల పేర్లు, డోసులు, చివరి రక్తపరీక్ష ఫలితం, చికిత్స చేసిన ఆసుపత్రి ఫోన్ నంబరు ఒకే కాగితంపై హిందీలోనో ఇంగ్లిష్‌లోనో రాయించుకుని ఉంచుకుంటే రాత్రివేళ వెతుక్కునే పని ఉండదు.

దూరం లెక్క ముందే వేసుకోవాలి

దీవుల ప్రధాన రిఫరల్ ఆసుపత్రి జి.బి. పంత్ ఆసుపత్రి. ఇది 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది. దిగ్లీపూర్ అక్కడికి రోడ్డు మార్గంలో 300 కిలోమీటర్లకు పైగా దూరం. దారిలో జరావా రిజర్వు గుండా వాహనాలు నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌గా మాత్రమే వెళ్తాయి. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర ఫెర్రీ దాటాలి. హట్ బే, క్యాంప్‌బెల్ బే వారికి ఓడో హెలికాప్టరో తప్ప దారి లేదు. వాతావరణం బాగోలేకపోతే అవీ ఆగిపోతాయి.

కాబట్టి కీమో మొదలుకాకముందే మూడు విషయాలు తేల్చుకోవాలి. జ్వరం వస్తే మొదట వెళ్లాల్సిన దగ్గరి ఆసుపత్రి ఏది? మాయాబందర్‌లో డాక్టర్ ఆర్.పి. ఆసుపత్రి, కార్ నికోబార్‌లో బి.జె.ఆర్. ఆసుపత్రి ఉన్నాయి. మిగతా చోట్ల ఆరోగ్య కేంద్రాలున్నాయి. అక్కడి డాక్టరును ఒకసారి ముందే కలిసి పరిస్థితి చెప్పాలి. రెండోది, అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు తరలించాల్సి వస్తే ఎవరిని అడగాలి? మూడోది, ముప్పు ఎక్కువగా ఉండే ఆ వారం రోజులైనా పోర్ట్ బ్లెయిర్‌లో బంధువుల ఇంట్లో ఉండే వీలుందా? దూరపు దీవుల వారికి ఈ మూడో ఏర్పాటు చాలా ఉపయోగపడుతుంది.

తిండి, నీళ్లు

వాంతి మందు వాంతి మొదలయ్యాక వేసుకునేది కాదు. చీటీలో రాసిన వేళకు ముందే వేసుకోవాలి. ఎక్కువగా ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్‌తో మలబద్ధకం రావచ్చు. దానికీ మందు అడిగి తెచ్చుకోవాలి. ఓడ ప్రయాణం ఉంటే కుదుపుల వల్ల వికారం పెరుగుతుంది కాబట్టి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

మూడు పూటలా కడుపునిండా తినలేకపోతే రెండు గంటలకోసారి కొంచెం కొంచెం తినాలి. ఇడ్లీ, పలుచని జావ, పప్పన్నం, బాగా ఉడికిన గుడ్డు తేలిగ్గా సరిపోతాయి. పోపు వాసన, చేపల వాసన పడకపోతే వంట వేరొకరికి అప్పగించి, అన్నం చల్లారాక తింటే వికారం తగ్గుతుంది. చేప మంచి మాంసకృత్తుల ఆహారమే, మానాల్సిన పనిలేదు. కానీ తాజాది కావాలి, పూర్తిగా ఉడకాలి. పచ్చి లేదా సగం ఉడికిన రొయ్యలు, పీతలు, గవ్వజాతి మాంసం వద్దు. బయట కోసి అమ్మే పండ్లు, చట్నీలు, ఐసు వేసిన రసాలు మానాలి. తొక్క తీసి తినే అరటి, బత్తాయి లాంటివి కడిగి తినవచ్చు.

తాగే నీళ్లు కాచి చల్లార్చినవై ఉండాలి. వాన నీళ్లు పట్టి వాడుకునే ఇళ్లలో ఇది మరీ ముఖ్యం. అప్పుడే కొట్టిన కొబ్బరి బోండాం నీళ్లు మంచివే. అయితే వాటిలో పొటాషియం ఎక్కువ కాబట్టి కిడ్నీ సమస్య ఉన్నవారు, సిస్‌ప్లాటిన్ తీసుకునేవారు డాక్టరును అడిగి తాగాలి. ఆక్సాలిప్లాటిన్ తీసుకున్నవారు కొన్ని రోజులపాటు చల్లని నీళ్లు తాగకూడదు, ఫ్రిజ్‌లోంచి తీసినవి చేత్తో పట్టుకోకూడదు. గొంతు, వేళ్లలో తిమ్మిరి, పొడుచుకున్నట్టు నొప్పి వస్తాయి.

పసర్లు, చూర్ణాలు, పసుపు మాత్రల వంటివి డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు. కొన్ని కీమో మందు పనితీరును మారుస్తాయి, కొన్ని కాలేయంపై భారం వేస్తాయి. కూరలో వేసే పసుపుతో ఇబ్బంది లేదు.

నోరు, చర్మం, జుట్టు

లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంట సోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. మెత్తని బ్రష్ వాడాలి. పాన్, జర్దా, ఖైనీ పూర్తిగా మానాలి. పుండు మీద సున్నం, పొగాకు పడితే మానదు. ఆవకాయ, కారం కొన్నాళ్లు పక్కన పెట్టాల్సిందే.

కొన్ని మందులు చర్మాన్ని ఎండకు తట్టుకోలేకుండా చేస్తాయి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న ఈ దీవుల్లో ఎండ చురుకెక్కువ. పొడుగు చేతుల నూలు చొక్కా, టోపీ లేదా గొడుగు అవసరం. కేప్‌సైటబిన్ మాత్రలు వాడేవారికి అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి మండితే మాత్రలు కొనసాగించాలో ఆపాలో వెంటనే డాక్టరును అడగాలి. అందరికీ జుట్టు రాలదు. రాలేవారికి సాధారణంగా రెండు మూడు వారాల్లో మొదలవుతుంది. చికిత్స ముగిశాక కొన్ని నెలల్లో మళ్లీ వస్తుంది.

‘ఎర్ర మందు’ అని చాలామంది పిలిచే డాక్సోరూబిసిన్ తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తే అది మందు రంగే. ఆ తర్వాత కూడా అలాగే ఉన్నా, చిగుళ్ల నుంచి రక్తం కారినా, ఒంటిమీద చిన్న ఎర్ర మచ్చలు లేచినా ప్లేట్‌లెట్లు తగ్గి ఉండవచ్చు. ఆ సమయంలో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోకూడదు.

ఇంట్లోవారు, పని, సముద్రం

కీమో అంటువ్యాధి కాదు. కలిసి కూర్చుని తినవచ్చు, పిల్లల్ని దగ్గరికి తీసుకోవచ్చు. కానీ మందు ఎక్కించిన 48 గంటల వరకు మూత్రం, మలం, వాంతిలో మందు అవశేషాలుంటాయి. వాటిని శుభ్రం చేసేవారు గ్లౌజులు వేసుకోవాలి. మరుగుదొడ్డి మూతపెట్టి రెండుసార్లు నీళ్లు పోయాలి. గర్భిణులు ఆ పనికి దూరంగా ఉండాలి. చికిత్స కాలంలో గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. జలుబు, దగ్గు ఉన్న చుట్టాలు పరామర్శకు ఫోన్ చేస్తే చాలు.

వేట, వల బాగుచేయడం, తోటపని చేసేవారికి గాయాలే పెద్ద ముప్పు. గాయమున్న కాలుతో సముద్రపు నీటిలోకి, ఉత్త కాళ్లతో బురదలోకి దిగకూడదు. వాన నీటిలో ఎలుకల మూత్రం ద్వారా లెప్టోస్పైరోసిస్ వ్యాపిస్తుంది. దోమతెర తప్పనిసరి. అయితే రోజంతా మంచం పట్టి ఉండాల్సిన అవసరమూ లేదు. సాయంత్రం పావుగంట నడక నీరసాన్ని తగ్గిస్తుంది.

ప్రయాణం, ఖర్చు

ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స ఉచితం. ఈ కార్డు పథకంలో చేరిన ఇతర రాష్ట్రాల ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ వైద్య సేవ పథకం ఆ రాష్ట్ర కార్డుదారులకే కాబట్టి, అండమాన్ రేషన్ కార్డు ఉన్నవారు విశాఖ వెళ్లి దానిపై ఆశపెట్టుకోకూడదు. బయల్దేరే ముందే రిఫరల్ కాగితాలు తీసుకోవాలి. ప్రధాన భూభాగంలో రైలెక్కే క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో చార్జీ పూర్తిగా రాయితీ. తోడు వెళ్లేవారికి 75 శాతం. దీనికి ఆసుపత్రి ఇచ్చే నిర్ణీత పత్రం కావాలి.

ప్రతిసారీ సముద్రం దాటడం కష్టమైతే డాక్టరును ఒక ప్రశ్న అడగవచ్చు: తర్వాతి డోసుల్లో కొన్నింటిని, కనీసం రక్తపరీక్షలనైనా పోర్ట్ బ్లెయిర్‌లో చేయించుకోవచ్చా? కొన్ని రకాల చికిత్సల్లో ఇది వీలవుతుంది. వీలు కాదంటే, ఎన్ని వారాలు ఊళ్లోనే ఉండాలో ముందే తెలిస్తే వసతి, సెలవు, పిల్లల బడి ఏర్పాట్లు చేసుకోవచ్చు. డబ్బు చాలకో ఓడ దొరకకో డోసు ఆలస్యమయ్యేలా ఉంటే చెప్పకుండా మానేయకూడదు, ఆసుపత్రికి ఫోన్ చేయాలి. తేదీ మార్చడమో మరో దారి చూపడమో వారు చేయగలరు. మధ్యలో ఆపేసిన చికిత్సను మళ్లీ మొదలుపెట్టడం దానికంటే కష్టం.