కిటికీ రెక్కల వెనక ఎవరున్నారు?

దిల్‌సుఖ్‌నగర్‌లో షట్టర్ అంటే ఒకటే అర్థం. దుకాణం ముందు పైనుంచి కిందికి లాగే ఇనుప తలుపు. 'షట్టర్ అద్దెకు ఇవ్వబడును' అన్న బోర్డు కనిపిస్తే కొట్టుగది ఖాళీగా ఉందని అర్థం చేసుకుంటాం. బంద్ రోజు సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి లోపలికి దూరి పాలపాకెట్ తెచ్చుకోవడం ఈ వీధుల్లో పెరిగిన వాళ్ళందరికీ తెలిసిన విద్యే. ఆ మాట ఇప్పుడు ఇళ్ళ కిటికీల దాకా వచ్చింది. వస్తూ వస్తూ ముందు ఇంకో మాట తగిలించుకుంది. ప్లాంటేషన్ షట్టర్.

నిజానికి వస్తువు కొత్తదేమీ కాదు. కిటికీ చట్రంలో అడ్డంగా, వరసగా అమర్చిన వెడల్పాటి పట్టీలు. ఒక కడ్డీని కదిపితే అన్నీ ఒకేసారి తిరుగుతాయి. పాత సర్కారు బంగళాల్లో ఇలాంటి పట్టీల తలుపులు చూసే ఉంటాం. రైలుపెట్టె కిటికీకి ఎండ తగలకుండా వేసే రెక్క కూడా దీనికి చుట్టమే. మామూలు తలుపు మూస్తే వెలుతురూ గాలీ చూపూ మూడూ ఆగిపోతాయి. తెరిస్తే మూడూ కలిసే వస్తాయి. ఈ పట్టీలు ఆ మూడింటినీ విడదీస్తాయి. గాలి రానిచ్చి చూపుని ఆపవచ్చు. వెలుతురు రానిచ్చి ఎండని ఆపవచ్చు.

మా ఇంటికి ఆ అవసరం మెట్రోతో వచ్చింది. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా రైళ్ళు నడవడం మొదలయింది. మలక్‌పేట దాటాక మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్ల మీదుగా వెళ్ళే ఈ దారి పొడుగునా పై అంతస్తుల కిటికీలన్నీ ఒక్కసారిగా వీధి ఎత్తుకి వచ్చినట్టయింది. అంతకు ముందు పై అంతస్తు వాళ్ళు కిందికి చూసేవాళ్ళే గానీ వాళ్ళని ఎదురుగా చూసే వాళ్ళెవరూ లేరు. ఇప్పుడు కొన్ని నిమిషాలకొకసారి ఒక పెట్టెనిండా మనుషులు కిటికీ ఎత్తులో వెళ్తుంటారు. పరదాలు ఎప్పుడూ వేసి ఉంచితే గది గుహలా ఉంటుంది. తీస్తే రైలు. అందుకని అమ్మా నేనూ కిటికీ రెక్కల కోసం కొట్లు తిరిగాం. ప్రతి కొట్లోనూ ప్లాంటేషన్ అన్న మాట విన్నాం. సాహిత్యం చదువుకున్న దాన్ని కావడం వల్ల ఆ మాట దగ్గర ఆగిపోయాను.

ఆ పేరు అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి వచ్చింది. పత్తి, చెరకు, పొగాకు పొలాల మధ్య యజమానులు కట్టుకున్న తెల్లటి పెద్ద ఇళ్ళ కిటికీల పేరు అది. ఆ పొలాల్లో పనిచేసింది బానిసలు. ఎండ వేళ పట్టీలు వాల్చిన చల్లటి గదిలో యజమానురాలు కూర్చునేది. ఆ ఎండలోనే నల్ల స్త్రీలు పత్తి ఏరేవాళ్ళు. కొట్లో నమూనా పుస్తకం తిరగేస్తే నీడా నాజూకూ కనిపిస్తాయి, పొలం కనిపించదు.

ఆ కాలపు ఇంకో కిటికీ గురించి కూడా మనం తెలుసుకోవాలి. హారియెట్ జేకబ్స్ ఉత్తర కరోలినాలోని ఈడెన్‌టన్‌లో బానిసగా పుట్టింది. తనని లైంగికంగా వేధిస్తున్న యజమాని నుంచి తప్పించుకోవడానికి 1835 నుంచి దాదాపు ఏడేళ్ళు అమ్మమ్మ ఇంటి పైకప్పు కింద దాక్కుంది. తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, అన్నిటికంటే ఎత్తయిన చోట మూడడుగులు. నిలబడే వీలు లేదు. దొరికిన ఒక చిన్న పనిముట్టుతో చెక్క గోడకి అంగుళం పొడవూ అంగుళం వెడల్పూ ఉన్న కంత చేసుకుంది. ఆ కంతలోంచి వీధిలో ఆడుకునే తన పిల్లల్ని చూసుకుంది. తనకోసం వెతుకుతున్న యజమానినీ చూసింది. 1842లో ఉత్తరాదికి పారిపోయి, 1861లో తన కథని పుస్తకంగా అచ్చు వేసింది. స్త్రీల ఆత్మకథల్లో ఇంతకంటే ఇరుకైన కిటికీని నేను చదవలేదు. ఆ అంగుళం కంతని ఆమె తన చేత్తో తొలుచుకుంది. చూసేదీ ఆమే, ఎప్పుడు చూడాలో తేల్చుకునేదీ ఆమే.

ప్లాంటేషన్ అంటే మన వాళ్ళకి తెలియని లోకమని అనుకోనక్కర్లేదు. బానిసత్వం రద్దయిన తరవాత చెరకు తోటలకి కూలీలు కావలసివచ్చి ఒప్పంద కూలీ పద్ధతి మొదలుపెట్టారు. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయలుదేరి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. ఆ దారిన వెళ్ళిన వాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీకి కూడా వెళ్ళారు. ఫిజీ వెళ్ళే ఓడల్లో ప్రతి వందమంది మగవాళ్ళకీ 40 మంది ఆడవాళ్ళు ఉండాలన్నది సర్కారు నియమం. అక్కడ కూలీ లైన్లలో ఒక్కో గది పదడుగులు, ఏడడుగులు. గదుల మధ్య గోడలు కప్పు దాకా ఉండవు. పక్క గదిలో మాట, దగ్గు, దెబ్బ, ఏడుపు అన్నీ ఈ గదిలోకి వచ్చేవి. ఆ స్త్రీలకి కప్పుకోవడానికి గోడే లేదు, ఇక కిటికీకి రెక్క మాటెక్కడిది. కూలీల సేకరణ 1917లో ఆగింది. మిగిలిన ఒప్పందాలు 1920 జనవరి 1న రద్దయ్యాయి. అప్పటి తోటల నుంచి వచ్చిన మాట ఇవాళ దిల్‌సుఖ్‌నగర్ కొట్లో ఇంటి సోకుకి పేరయింది.

అయితే కిటికీ చాటు చరిత్ర కోసం అంత దూరం పోనవసరం లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట, చాదర్‌ఘాట్ మీదుగా కోఠీ వెళ్తే బ్రిటిష్ రెసిడెన్సీ భవనం ఉంది. నిజాం కొలువులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిగా ఉన్న జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ 1803లో దాని నిర్మాణం మొదలుపెట్టించాడు. హైదరాబాద్ కులీన కుటుంబానికి చెందిన ఖైరున్నిసాని అతను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె కోసం వెనక తోటలో ఎత్తయిన గోడలతో రంగ్‌మహల్ అనే జనానా కట్టించాడు. ఘోషాలో ఉన్న ఆమె ముందువైపుకి వచ్చి ఆ పెద్ద భవనాన్ని చూడలేదు కాబట్టి, దాని నమూనాని చిన్నది చేసి జనానా తోటలో కట్టించాడని అక్కడ చెప్పుకునే కథ.

ఈ కథని ప్రేమకథగానే చెప్తుంటారు. నాకు మాత్రం అందులో ఉన్న కొలతే గుర్తుంటుంది. భర్త ఉద్యోగం, అధికారం, రాజకీయం అన్నీ ఆ పెద్ద ఇంట్లో. భార్యకి దాని బొమ్మ. 1805లో ఇద్దరు పిల్లల్నీ ఇంగ్లండ్ పంపేశారు. ఆమె మళ్ళీ వాళ్ళని చూడలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. 1813లో ఆమె పోయింది. 1860లో రంగ్‌మహల్‌ని కూలగొట్టారు. ఆమెకి చూడ్డానికి వీల్లేకపోయిన ఆ పెద్ద భవనంలోకి 1949లో ఉస్మానియా మహిళా కళాశాల వచ్చింది. కొన్ని తరాల ఆడపిల్లలు ముందు మెట్ల మీదుగా ఎక్కి లోపలికి వెళ్ళి చదువుకున్నారు. 2022లో అది విశ్వవిద్యాలయమయింది. ఇప్పుడు దాని పేరు చాకలి ఐలమ్మ పేరు.

ఆ పేరు అక్కడికి రావడంలో నాకొక న్యాయం కనిపిస్తుంది. ఐలమ్మ ఏ పరదా వెనకా కూర్చున్న మనిషి కాదు. 1940లలో పాలకుర్తిలో తాను కౌలుకి చేసిన భూమి మీది పంటని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులకి దక్కనివ్వకుండా సంఘం అండతో నిలబడింది. ఘోషా గురించి మనం రాసేటప్పుడు అది స్త్రీలందరి అనుభవమైనట్టు రాస్తుంటాం. తెలంగాణ గడీల్లో దొరసానులకి ఘోషా ఉండేది. అదే గడీలో ఆడబాపలకి ఉండేది కాదు. దొర బిడ్డ పెళ్ళయి అత్తవారింటికి పోతే ఆమె వెంట కట్నంలో భాగంగా వెళ్ళిన ఆడబాపలున్నారు. పుచ్చలపల్లి సుందరయ్య సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఆ దాసీతనం నమోదయింది. దొరసానిని బయటి మగవాడు చూడకూడదు. ఆడబాపని గడీకి వచ్చిన అతిథి ఎవరైనా చూడొచ్చు, అంతకు మించీ చేయొచ్చు. ఒకే గోడ ఒక స్త్రీని కప్పింది, ఇంకో స్త్రీని పట్టించింది. అమెరికా తోట ఇంటికీ మన గడీకీ ఇక్కడ పోలిక కుదురుతుంది.

కాబట్టి పరదా చెడ్డది, తెరిచిన కిటికీ మంచిది అని చెప్పి ఊరుకోవడం నాకు సరిపోవడం లేదు. కనపడకుండా ఉండగలగడం కూడా ఒక హక్కే. తోటల్లో, గడీల్లో ఎంతోమంది స్త్రీలకి అది దక్కలేదు. చూడగలగడం ఇంకో హక్కు. దేవిడీల్లో, జనానాల్లో స్త్రీలకి అది చాలావరకు దక్కలేదు. ఈ రెండూ ఒకే మనిషికి ఒకేసారి ఉన్నాయా, వాటిని ఎప్పుడెలా వాడుకోవాలో ఆ మనిషే తేల్చుకుంటోందా అన్నదే మనం అడగవలసిన ప్రశ్న.

పట్టీల రెక్కని కొంచెంసేపు గమనిస్తే ఈ సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. పట్టీల బయటి అంచు కిందికి వాల్చితే లోపల నిలబడ్డ మనిషికి వీధి కనిపిస్తుంది, వీధిలోంచి పైకి చూసేవాళ్ళకి మన గది సీలింగ్ కనిపిస్తుంది. బయటి అంచు పైకి లేపితే ఆకాశం వెలుతురు వస్తుంది, కింది నుంచి చూపు రాదు. పగలు బయట వెలుగు, లోపల చీకటి కాబట్టి మనం చూస్తాం, మనల్ని చూడలేరు. రాత్రి లైటు వేయగానే అంతా తారుమారు. పాత కోటల రాతి జాలీలకీ ఇదే సూత్రం. అంటే ఏ రెక్కా దానంతట అది రక్షణ కాదు. పూటపూటకీ తిప్పుకోవాలి. తిప్పే వీలు మన చేతిలో ఉండాలి.

ఇక మా ఎంపిక. ఈ పట్టీలు ముఖ్యంగా మూడు వెడల్పుల్లో వస్తాయి, రెండున్నర, మూడున్నర, నాలుగున్నర అంగుళాలు. వెడల్పు పెరిగే కొద్దీ సందు పెరుగుతుంది, తెరిచినప్పుడు బయట ఎక్కువ కనిపిస్తుంది, పట్టీల సంఖ్య తగ్గుతుంది. చెక్క అందం, కానీ వానాకాలం ఉబ్బుతుంది. పీవీసీ ఉబ్బదు. మన ఫ్లాట్ల కిటికీలకి ఇనుప గ్రిల్, దోమల జాలీ ముందే ఉంటాయి కాబట్టి పట్టీలు తిరగడానికి లోతు చాలుతుందో లేదో కొలుచుకోవాలి. సగం ఎత్తులో అడ్డపట్టీ ఉన్న రకంలో పై భాగాన్నీ కింది భాగాన్నీ విడివిడిగా తిప్పుకోవచ్చు.

కొట్లో ఎవరూ చెప్పని లెక్క ఇంకొకటుంది. ఈ రోడ్డు దుమ్ము సంగతి తెలిసిందే. ఒక్కో కిటికీకి పాతిక పట్టీలనుకుంటే, నాలుగు కిటికీలకి వంద పట్టీలు, పైనా కిందా రెండు వందల ముఖాలు. వాటిని తుడిచేదెవరు? ఇంటి సౌకర్యం కోసం వచ్చిన పరికరాలు ఇల్లాలి పనిని తగ్గించకపోగా కొన్నిచోట్ల పెంచాయని రూత్ ష్వార్జ్ కోవన్ 1983లోనే అమెరికా ఇళ్ళ చరిత్ర రాసి చూపించింది. మన ఇళ్ళలో ఆ పెరిగిన పని ఇంకో మెట్టు కిందికి, పనిచేసే మనిషి మీదికి జారుతుంది. నీడ మాకు, దుమ్ము ఆమెకి అయితే ప్లాంటేషన్ అనే పేరు మా ఇంటికి సరిగ్గానే అతుకుతుంది. అందుకని నాలుగు కిటికీల ఆలోచన మానుకున్నాం. రైలుకి ఎదురుగా ఉన్న రెండింటికే, నాలుగున్నర అంగుళాల పీవీసీ, మధ్యలో అడ్డపట్టీ ఉన్న రకం. తుడవడం అమ్మా నేనూ వంతులవారీగా. వంటింటి కిటికీకి ఏమీ వద్దని అమ్మే అంది. "కిడికి ఉన్నది చూసెతందుకే గదనే, అన్నం వండుకుంట నేనేం జూడాలె మరి?"

ఇదంతా సొంత కిటికీ ఉన్న వాళ్ళ సంగతి. చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట వీధుల్లో కోచింగ్ సెంటర్ల చుట్టూ ఎన్ని ఆడపిల్లల హాస్టళ్ళున్నాయో ఇక్కడి వాళ్ళకి తెలుసు. నల్లగొండ నుంచి, ఖమ్మం నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో ఉద్యోగ పరీక్షల కోసం వచ్చిన అమ్మాయిలు ఒక్కో గదిలో నలుగురు, అయిదుగురు ఉంటారు. మా వీధిలో ఒక హాస్టల్‌లో వీధివైపు కిటికీ అద్దాలకి రంగు పూశారు. ఇంకో దాంట్లో ప్లైవుడ్ ముక్క కొట్టి మూసేశారు. ఎదురు మేడ మీంచి అబ్బాయిలు చూస్తున్నారని తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారట. చూసిన వాళ్ళ మేడకి ఏమీ జరగలేదు. చూడబడిన వాళ్ళ గదికి వెలుతురూ గాలీ పోయాయి. వీధుల్ని కాపాడేది ఆ వీధి మీదికి చూసే మామూలు మనుషుల కళ్ళేనని జేన్ జేకబ్స్ 1961లో రాసింది. మనం ఆ కళ్ళలో ఆడవాళ్ళ కళ్ళని ముందుగా మూసేసి, ఆ పైన వీధి ఆడవాళ్ళకి భద్రంగా లేదని బాధపడుతున్నాం.

ఆ గదుల్లో మే నెలలో మధ్యాహ్నం పూట ట్యూబ్‌లైటు కింద చదువుకునే అమ్మాయిలకి మూడు సంగతులు విడివిడిగా కావాలి. గాలి కావాలి. వెలుతురు కావాలి. ఎవరి చూపు తమ మీద పడాలో వద్దో తేల్చుకునే వీలు కావాలి. ఆ మూడింటినీ విడదీసే పట్టీలు ఎన్నో తరాలుగా లోకంలో ఉన్నాయి, ఇప్పుడు మన బజారులోనూ దొరుకుతున్నాయి. హాస్టల్ యజమానికి ఒక ప్లైవుడ్ ముక్క చవక, అంతే. అద్దె నెలనెలా కట్టే వాళ్ళు ఆ కిటికీ గురించి అడగడం మొదలుపెడితే, వాళ్ళ తరఫున మనమూ అడిగితే, ఆ ప్లైవుడ్ ఊడదీయడానికి ఒక స్క్రూడ్రైవర్ చాలు.