కాకినాడ ప్రయోగం

కాకినాడ ప్రయోగం 1960ల మధ్యకాలంలో ఆంధ్ర ప్రదేశ్‌లోని కాకినాడ పట్టణానికి చెందిన చిన్న వ్యాపారులతో జరిగిన ఒక మనస్తత్వశాస్త్ర పరిశోధన. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలాండ్ (1917-1998) దీనికి రూపకర్త. హైదరాబాదులోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ (సియెట్) ఆధ్వర్యంలో శిక్షణ ఇవ్వబడినది. కులం, సంప్రదాయ విశ్వాసాలు వ్యాపారదక్షతకు ఆటంకమన్న అభిప్రాయాన్ని దీని ఫలితాలు బలపరచలేదు.

నేపథ్యం

కులవ్యవస్థ ఉన్న సమాజంలో ఆధునిక పెట్టుబడిదారీ విధానం దానంతట అది పుట్టజాలదని జర్మన్ సామాజికశాస్త్రవేత్త మాక్స్ వెబర్ వాదించాడు. ఈ వాదం పండితులలో చాలాకాలం ప్రభావం చూపినది. మెక్‌క్లెలాండ్ 1961లో వెలువరించిన "ది అచీవింగ్ సొసైటీ" గ్రంథంలో ఆర్థికాభివృద్ధికి మూలం "సాధన ప్రేరణ" అని ప్రతిపాదించాడు. పనిని ఇంతకుముందు కంటే మెరుగుగా చేయాలన్న తపనే సాధన ప్రేరణ. ఇది బాల్యంలో, పెంపకం వల్ల ఏర్పడుతుందని నాటి అభిప్రాయం. అదే నిజమైతే ఒక దేశం అభివృద్ధికి కనీసం ఒక తరం వేచి ఉండవలసి వస్తుంది. పెద్దవారిలో, అదీ కొద్ది రోజులలో, ఈ ప్రేరణను పెంచవచ్చునా అన్నదే కాకినాడలో పరీక్షించిన అసలు ప్రశ్న.

శిక్షణ

కాకినాడ నుండి సుమారు 50 మంది వ్యాపారులు జట్లుగా హైదరాబాదు వెళ్ళి సియెట్‌లో బస చేసి శిక్షణ పొందారు. పోలిక కొరకు శిక్షణ పొందని రాజమండ్రి (నేటి రాజమహేంద్రవరం) వ్యాపారులను కూడా పరిశీలించారు. తమిళ ప్రాంతంలోని వేలూరు వ్యాపారులకు కూడా ఇటువంటి శిక్షణ ఇవ్వబడినది.

శిక్షణలో వ్యాపార లెక్కలకన్నా ఆలోచనా విధానానికి ప్రాముఖ్యం ఎక్కువ. అస్పష్టమైన చిత్రాలను చూసి కథలు వ్రాయడం, ఆ కథలలో సాధన ప్రేరణ ఎంత ఉన్నదో తామే గుర్తించడం అందులో భాగం. పాతిన కర్రపైకి రింగులు విసిరే ఆట మరొకటి. ఎంత దూరం నుండి విసరాలో ఆడేవారి ఇష్టం. వ్యాపారంలో రాణించేవారు తెగించి సాహసం చేస్తారని సాధారణంగా అనుకుంటారు. మెక్‌క్లెలాండ్ పరిశోధనలలో తేలినది వేరు. సాధన ప్రేరణ అధికంగా ఉన్నవారు మరీ దగ్గర నుండి విసరరు, ఎందుకంటే అందులో గెలుపుకు విలువ లేదు. మరీ దూరం నుండీ విసరరు, అక్కడ గెలుపు అదృష్టం చేతిలో ఉంటుంది. తమ నేర్పుతో ఫలితం మారగల మధ్య దూరాన్నే వారు ఎంచుకుంటారు. శిక్షణ చివర ప్రతివారూ రాబోయే రెండు సంవత్సరాలకు తమ లక్ష్యాలను వ్రాసుకున్నారు.

ఫలితాలు

మెక్‌క్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి 1969లో "మోటివేటింగ్ ఎకనామిక్ అచీవ్‌మెంట్" గ్రంథంలో ఫలితాలను ప్రకటించారు. తరువాతి రెండు సంవత్సరాలలో శిక్షణ పొందినవారు పొందనివారికంటే ఎక్కువ చొరవ చూపారు. కొత్త వ్యాపారాలు ప్రారంభించడంలో, పెట్టుబడులు పెట్టడంలో, ఉద్యోగాలు కల్పించడంలో ఈ తేడా కనిపించినది. సొంతంగా నిర్ణయాలు తీసుకోగల యజమానులలో మార్పు స్పష్టం. కుటుంబ పెద్దల మాట దాటలేనివారికి ప్రేరణ ఉన్నా అవకాశం తక్కువ కనుక ఇది సహజమే.

ఎక్కువ చర్చకు వచ్చినది మరో అంశం. సంప్రదాయ విశ్వాసాలు ఉన్నవారు వెనుకబడలేదు. కులం వల్ల ఫలితాలలో చెప్పుకోదగిన భేదం రాలేదు. విజయానికి పాశ్చాత్య జీవనరీతిని అనుకరించనవసరం లేదని కూడా తేలినది.

విమర్శ

శిక్షణకు ఎంపిక కావడమే ఊరిలో ఒక గౌరవం. ఆ గౌరవం నిలుపుకోవాలన్న పట్టుదల, శిక్షణలో ఏర్పడిన పరిచయాలు కూడా ఫలితాలకు కారణం కావచ్చు. రాజమండ్రి వ్యాపారులకు అటువంటి ఆదరణ లభించలేదు కనుక ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కష్టం. అప్పు, మార్కెట్, విద్యుత్తు వంటి వసతులు లేనిచోట ప్రేరణ ఒక్కటే చాలదన్న ఆక్షేపణ కూడా బలమైనదే.

ప్రభావం

భారతదేశంలో పారిశ్రామికవేత్తల శిక్షణకు ఈ ప్రయోగం ఒక నమూనా అయినది. 1970లో గుజరాత్‌లో ఆరంభమైన శిక్షణ కార్యక్రమాలు, 1983లో అహ్మదాబాదులో ఏర్పడిన ఎంటర్‌ప్రెన్యూర్‌షిప్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ ఈ మార్గంలోనివే. సియెట్ 2007 నుండి జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా హైదరాబాదు యూసుఫ్‌గూడలో కొనసాగుతున్నది.