పటము పలకయైన చరిత్ర

దేశపటము చూచుటకే గాని వ్రాయుటకు గాదని చిరకాలముగా మన యెఱుక. బడిగోడకు వ్రేలాడు పటముపై సుద్దముక్కతో గీత గీచిన బాలునకు బెత్తము తప్పెడిది కాదు. నేడు కంప్యూటరుపై దరఖాస్తు నింపువాడు పేరు, ఊరు వ్రాసిన పిదప, 'స్థలము' అను చోట అక్షరముల గడికి మాఱుగా ఒక చిన్న పటమునే చూచుట కలదు. బావి యున్న చోట వ్రేలుంచి ఒక గుర్తు పెట్టును. పొలమైనచో గట్టు వెంబడి గీత గీయును. పటమే పూరింపవలసిన ఖాళీ యైనది. ఇది యెట్లు సంభవించెనో కొంత చెప్పుకొందము.

పూర్వము పటముపై ఒక్క చుక్క పెట్టుట సామాన్యమైన పని కాదు. 1802 ఏప్రిలులో విలియం లాంబ్టన్ మద్రాసు చెంత సెయింట్ థామస్ మౌంటు వద్ద తన ఆధారరేఖను కొలువనారంభించెను. ఏడున్నర మైళ్ళ ఆ రేఖను నూఱడుగుల ఉక్కు గొలుసుతో కొలుచుటకు 57 దినములు పట్టెను. కోణములు చూచుటకు ఆయన వెంట నడచిన యంత్రము బరువు సుమారు అర టన్ను. ఒక్కొక్క కోణమును పలుమాఱులు చూచి, చూచినదెల్ల పుస్తకమున కెక్కించి, సగటు తీసిన గాని చుక్క పడెడిది కాదు. ఆ త్రిభుజముల వరుస తరువాతి యేండ్లలో హైదరాబాదు సీమ మీదుగా ఉత్తరమునకు సాగెను. మన గ్రామములలో సర్వే నంబరుల కొలతల పుస్తకముల సంగతియు నిట్టిదే. రైతునకు నకలు దొరకెడిది గాని కలము దొరకెడిది కాదు.

యంత్రము చేతికి వచ్చిన పిదప కలము చేతులు మాఱసాగెను. 1963లో ఇవాన్ సదర్లాండ్ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 'స్కెచ్‌ప్యాడ్' అను ఏర్పాటును చూపెను. కాంతిని పసిగట్టు కలముతో తెరపై గీత గీచిన, యంత్రము దానిని గీతగానే గ్రహించెడిది. ఆ దశాబ్దముననే కెనడాలో రోజర్ టాంలిన్సన్ తన దేశపు భూముల పటములను కంప్యూటరున కెక్కించు ప్రయత్నమునకు నాయకుడయ్యెను. ఐనను అవి నిపుణుల గదులలోని వింతలు. సామాన్యుని ఫారమున రెండు అంకెల గడులే మిగిలినవి: అక్షాంశ మొకటి, రేఖాంశ మొకటి.

ఆ రెండు గడులు పెట్టిన తిప్పలు ఇంతింతన రానివి. వాడుకలో మనము అక్షాంశమును ముందు చెప్పుదుము. యంత్రపు గణితమున పెక్కుచోట్ల రేఖాంశమే ముందు. హైదరాబాదు ఉత్తరముగా 17.4, తూర్పుగా 78.5 అంశముల వద్ద నున్నది. ఈ రెంటిని తాఱుమాఱు చేసినచో మన చార్మినారు ఉత్తరధ్రువమునకు చేరువ, నార్వే వారి స్పిట్స్‌బర్గెన్ మంచుదీవిలో వెలయును! గడులలో సున్నలు పడెనా, ఆ స్థలము ఆఫ్రికా పడమటి తీరమున గినీ అఖాతపు నీటిలో తేలును. అట్లు దారి తప్పిన చుక్కలు మిక్కుటమగుటచే పటకారులు అచ్చట లేని ద్వీపమునకు హాస్యముగా 'నల్ ఐలండ్' అని, అనగా శూన్యద్వీపమని, పేరిడిరి.

2005 ఫిబ్రవరిలో గూగుల్ వారి పటము వెలువడినది. చిన్న చతురస్రపు పలకలుగా తెరపైకి వచ్చి, చేతితో లాగిన జరుగు పటమది. మఱుసటి యేడు 'ఓపెన్ లేయర్స్' అను ఉచితోపకరణము వచ్చుటతో ఎవరైనను తమ పుటలో పటము నిలుపుకొన గలిగిరి. ఇంతలో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రమున, లారెన్స్ పట్టణపు వార్తాపత్రిక కార్యాలయములో పుట్టిన 'జాంగో' అను చట్రము 1.0 రూపమున 2008లో వెలువడినపుడు దానితో భూగోళ విభాగము చేరెను. అందు కార్యాలయపు గుమాస్తా పటముపై గీచి సమాచారమును దిద్దుకొన వచ్చును. 2013 నవంబరులోని 1.6 రూపముతో పేరుగడి, తేదీగడివలెనే పటపుగడియు ఏ ఫారములోనైనను చేర్చదగినదయ్యెను.

దీనిలోని కిటుకు మిక్కిలి సరళము. కనబడునది పటము, దాని వెనుక దాగియున్నది పాత అక్షరముల గడియే. మనము వ్రేలుంచగానే ఆ స్థలపు అంకెలు గల పంక్తి ఆ చాటుగడిలో చేరును. పైపటము 1569 నాటి మెర్కేటరు పద్ధతికి సంతతి యగుటచే మీటరులలో లెక్కించును. దాచునది సాధారణముగా అంశములలో నుండును. మార్పిడి యంత్రమే చేసికొనును. అంకెలు తాఱుమాఱగు బెడద ఈ విధముగా చాలవఱకు తీఱినది.

ఇందుచే నెంత మేలు కలిగెనో హైతీ యెఱుగును. 2010 జనవరి 12న భూకంపము పోర్టో ప్రిన్సు నగరమును కూల్చినపుడు, 2004లో ఇంగ్లండున మొదలైన 'ఓపెన్ స్ట్రీట్ మ్యాప్' స్వచ్ఛంద సేవకులు దూరదేశములనుండియే ఉపగ్రహచిత్రములు చూచి వీథులను గీచిరి. సహాయకులు ఆ పటములను చేతియంత్రములలో నింపుకొని శిథిలముల నడుమ దారి వెదకికొనిరి. గొలుసు పట్టని చేతులు గీచిన గీతలే అచట అక్కఱకు వచ్చినవి.

ఐనను ఒక సంగతి మాకు మింగుడు పడదు. జిల్లా యంతయు తెరపై కనుపించునపుడు తెరలోని ఒక్క నలుసు నేలపై నూఱు గజములకు మించును. అంత లావు వ్రేలిగుర్తును యంత్రము దశాంశ బిందువు పిదప ఆఱంకెలతో, అనగా జానెడు కన్న తక్కువ దూరమునకు సరిచూచినట్లు, నిబ్బరముగా వ్రాసికొనును. లాంబ్టను పుస్తకమున ఏ కోణము నెన్నిమాఱులు చూచిరో కలదు. ఈ గడి, పటమును ఎంత దగ్గఱకు తెచ్చి గీచితివని సామాన్యముగా అడుగదు. పొలపు గట్టు తగవున ఇట్టి గీత సాక్ష్యమునకు వచ్చిన నాడు ఆ దశాంశములను నమ్మువారి గతి యేమి?

మన దేశమున 2021 ఫిబ్రవరి 15 నాటి మార్గదర్శకములతో, కొన్ని నిబంధనలకు లోబడి, భారతీయులు ముందస్తు అనుమతి లేకయే పటసమాచారము సేకరించుట కవకాశము కలిగినది. కావున ఈ ప్రశ్న ఇక మన గ్రామములదియు. గీత ప్రక్కనే అది యెట్లు తెలిసెనో చెప్పు గడి యొకటి యుండవలయునని మా యభిప్రాయము. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ వారు ప్రతి మార్పునకు ఆధారము వ్రాయుటకు చోటుంచిరి. దానిని నింపకున్నను మార్పు చెల్లును.