ట్రోపోనిన్ టెస్ట్: వైరల్ జ్వరంలో ఈ నంబర్ పెరిగితే గుండెపోటు వచ్చినట్టేనా?

వానలు మొదలైతే ఉప్పల్, నాచారం బస్తీల్లో జ్వరాలూ మొదలవుతాయి. ఫ్లూ, డెంగీ, అప్పుడప్పుడు కొవిడ్. చాలామందికి వారంలో తగ్గిపోతుంది. కొందరికి మాత్రం ఛాతీలో బరువు, ఆయాసం, గుండెదడ వస్తాయి. అప్పుడు డాక్టర్లు రాసే రక్తపరీక్షల్లో ముఖ్యమైంది ట్రోపోనిన్. రిపోర్టులో దాని పక్కన 'హై' అని కనిపిస్తే చాలు, ఇంట్లో అందరికీ కాళ్లూచేతులూ ఆడవు. ఇంతకీ ఆ నంబర్ ఏం చెబుతుంది? ఏం చెప్పదు?

ట్రోపోనిన్ అంటే ఏంటి?

గుండె కండరం ముడుచుకోవడానికి సాయపడే ప్రోటీన్ ఇది. మామూలుగా కండర కణాల లోపలే ఉంటుంది, రక్తంలో చాలా తక్కువ. కణాలు దెబ్బతింటే బయటికొచ్చి రక్తంలో కలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న 100 మందిలో 99 మందికి దాటని స్థాయిని హద్దుగా పెట్టుకుంటారు. అది దాటితే గుండె కండరానికి గాయమైనట్టు లెక్క.

కొవిడ్ సమయంలో, 2020లో, ఉప్పల్ రోడ్డులోని సీసీఎంబీలో కూడా శాంపిళ్లు పరీక్షించారు. ఆ ఆర్‌టీపీసీఆర్ టెస్ట్ ఒంట్లో వైరస్ ఉందో లేదో చెబుతుంది. ఆ వైరస్ వల్ల గుండెకు ఏమైనా అయిందా అన్నది మాత్రం చెప్పదు. దానికి ట్రోపోనిన్, ఈసీజీ, ఎకో కావాలి.

వైరస్‌కూ గుండెకూ సంబంధం ఏంటి?

దారులు నాలుగు. వైరస్ వల్ల గుండె కండరం వాయొచ్చు, దీన్నే మయోకార్డైటిస్ అంటారు. ఇన్ఫెక్షన్‌తో ఒళ్లంతా వచ్చే వాపు గుండెనూ దెబ్బతీయొచ్చు. ఆక్సిజన్ పడిపోయి, గుండె వేగంగా కొట్టుకుని కండరం అలిసిపోవచ్చు. నాలుగోది అసలు గుండెపోటు, అంటే రక్తనాళంలో గడ్డకట్టడం. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు ఇవేవీ లేకపోయినా ట్రోపోనిన్ ఎక్కువగా కనిపించొచ్చు.

అందుకే 'హై' అంటే గుండెపోటే అని కాదు. అలాగని పట్టించుకోకుండా వదిలేసేదీ కాదు.

పరీక్షల లెక్కలు ఏం చెప్పాయి?

2020 మొదట్లో చైనాలోని వుహాన్‌లో ఆస్పత్రిలో చేరిన 416 మంది కొవిడ్ పేషెంట్లను పరిశీలించారు. వారిలో 82 మందికి గుండె గాయం కనిపించింది. ఆ 82 మందిలో 51.2 శాతం చనిపోయారు. గాయం లేనివాళ్లలో మరణాలు 4.5 శాతమే.

వుహాన్‌లోనే 187 మందిపై చేసిన మరో స్టడీ ఇంకో విషయం చెప్పింది. ముందే గుండెజబ్బు ఉన్నా ట్రోపోనిన్ నార్మల్‌గా ఉన్నవాళ్లలో మరణాలు సుమారు 13 శాతం. గుండెజబ్బు లేకపోయినా ట్రోపోనిన్ పెరిగినవాళ్లలో 37.5 శాతం. రెండూ ఉన్నవాళ్లలో ఏకంగా 69 శాతం.

ఇవన్నీ ఆస్పత్రిలో చేరినవాళ్ల లెక్కలు. గాయమైనవాళ్లలో వయసు పైబడినవాళ్లు, బీపీ, షుగర్ ఉన్నవాళ్లు ఎక్కువ. ఇంట్లో జ్వరంతో పడుకున్న పాతికేళ్ల కుర్రాడికి ఈ శాతాలు అంటగట్టకూడదు.

ఫ్లూను కూడా తేలిగ్గా తీసుకోవద్దు. ఫ్లూ నిర్ధారణైన మొదటి వారంలో గుండెపోటు ముప్పు సుమారు ఆరు రెట్లు ఎక్కువని 2018లో వచ్చిన కెనడా స్టడీ తేల్చింది.

0.04 కాస్తా 40 అయిందా?

చాలామంది పొరబడేది ఇక్కడే. ఒక ల్యాబ్ మిల్లీలీటర్‌కు నానోగ్రాముల్లో 0.04 అని ఇస్తుంది. ఇంకో ల్యాబ్ లీటర్‌కు నానోగ్రాముల్లో 40 అని ఇస్తుంది. రెండూ ఒకటే! ట్రోపోనిన్-ఐ, ట్రోపోనిన్-టి కూడా వేర్వేరు పరీక్షలు. ఒకదాని హద్దు ఇంకోదానికి పనికిరాదు. కాబట్టి రెండోసారి కూడా అదే ల్యాబ్‌లో, అదే టెస్ట్ చేయించడం మేలు.

ఒక్క రిపోర్టుతో డాక్టర్లు తేల్చేయరు. కొన్ని గంటల తర్వాత మళ్లీ చేస్తారు. నంబర్ ఎక్కుతోందా, దిగుతోందా, అక్కడే ఉందా అన్నదే అసలు సంగతి. గుండెపోటు మొదలైన తొలి గంటల్లో టెస్ట్ నార్మల్‌గానూ రావొచ్చు. నొప్పి ఉంటే 'నార్మలే కదా' అని ఇంటికి వెళ్లిపోవద్దు.

ఎప్పుడు పరుగెత్తాలి?

జ్వరంతో పాటు ఛాతీనొప్పి, పడుకుంటే ఆయాసం, కళ్లు తిరిగి పడిపోవడం, గుండె అడ్డదిడ్డంగా కొట్టుకోవడం, చేతులూ కాళ్లూ చల్లబడటం ఉంటే ల్యాబ్‌కు కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. 108కి ఫోన్ చేయండి. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టులకు వెళ్లేవాళ్లు 'డ్యూటీ అయ్యాక చూద్దాంలే' అనుకోవద్దు.

డెంగీ అనుమానం ఉంటే సొంతంగా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వేసుకోవద్దు. రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

తగ్గాక ఏం చేయాలి?

జ్వరం తగ్గిన మర్నాడే జిమ్‌కు, క్రికెట్‌కు వెళ్లొద్దు. మయోకార్డైటిస్ అని తేలితే కొన్ని నెలల పాటు ఆటలు, బరువులు ఎత్తడం ఆపమంటారు. 18 నుంచి 45 ఏళ్ల వాళ్ల ఆకస్మిక మరణాలపై ఐసీఎంఆర్ 2023లో ఇచ్చిన స్టడీలో వ్యాక్సిన్ వల్ల ముప్పు పెరిగినట్టు కనిపించలేదు. గతంలో కొవిడ్‌తో ఆస్పత్రిలో చేరడం, అతిగా మద్యం తాగడం, మరణానికి ముందు రెండు రోజుల్లో ఒంటికి మించిన శ్రమ చేయడం ముప్పు పెంచాయని తేలింది.

ట్రోపోనిన్ రిపోర్ట్ వస్తే గూగుల్‌లో కాదు, డాక్టర్ దగ్గర చూపించండి. పాత ఈసీజీ ఉంటే అదీ పట్టుకెళ్లండి. కొత్త మార్పేదో, పాతదేదో డాక్టర్‌కు తెలిసేది దానితోనే.