‘లక్ష్యాలు – స్పష్టీకరణలు’ నుంచి ‘అభ్యసన ఫలితాలు’ దాకా

మన సంఘసభ్యులలో బడిలోనో కళాశాలలోనో పాఠాలు చెప్పి విశ్రాంతి పొందుతున్నవారు చాలామందే ఉన్నారు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి పాఠ్యపథకం పుస్తకంలోని ఒక గడి తప్పక గుర్తుండి ఉంటుంది: ‘లక్ష్యాలు – స్పష్టీకరణలు’. జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం అని నాలుగు మాటలు. వాటి కింద ‘విద్యార్థి గుర్తిస్తాడు’, ‘పోలికలు, భేదాలు చెప్తాడు’, ‘ఉదాహరణలిస్తాడు’ అని వరుసగా క్రియలు. తెల్లవారితే పరిశీలకులు వస్తారనగా, రాత్రి కూర్చుని సీనియర్ల రికార్డు చూసి దించుకున్నవారూ లేకపోలేదు! ఇప్పుడు మన మనుమలు, మనుమరాండ్రు తెచ్చుకుంటున్న డిగ్రీ, ఇంజనీరింగు సిలబసులలో ప్రతి పేపరుకూ ‘అభ్యసన ఫలితాలు’ అని నాలుగైదు వాక్యాలు అచ్చవుతున్నాయి. ఆ పాత గడికి ఇవి వారసులే. ఆ వంశవృక్షం చాలామందికి తెలియదు గనుక ఈ వ్యాసం.

ఈ ఆలోచన పుట్టినచోటు ప్రశ్నపత్రాలు తయారుచేసే గది. 1929లో అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయంలో చేరిన రాల్ఫ్ టైలర్, అక్కడి అధ్యాపకులకు పరీక్షల తయారీలో సాయపడేవాడు. ప్రశ్నలు వ్రాయబోయేముందు ఆయన అడిగేది ఒక్కటే: ఈ కోర్సు ముగిశాక విద్యార్థి ఏమి చేయగలగాలి? జంతుశాస్త్రం చదివిన విద్యార్థులను కొన్నాళ్ళు గడిచాక మళ్ళీ పరీక్షించి చూస్తే, కంఠస్థం చేసిన అవయవాల పేర్లు చాలామటుకు మరచిపోయారు. కానీ కొత్త ప్రయోగాన్ని ముందుపెడితే దాని అర్థం చెప్పగల శక్తి మాత్రం తగ్గలేదు. మరి మనం దశాబ్దాల తరబడి మార్కులు వేసినది దేనికి? ముందు చెరిగిపోయే దానికే. 1949లో వెలువడిన టైలర్ చిన్న పుస్తకం పాఠ్యప్రణాళిక రచనకు పాఠ్యగ్రంథమైపోయింది.

టైలర్ శిష్యుడు బెంజమిన్ బ్లూమ్ షికాగో విశ్వవిద్యాలయంలో పరీక్షల అధికారి. 1948లో బోస్టన్ నగరంలో వివిధ కళాశాలల పరీక్షకులు కలిసినప్పుడు, ఒకరి ప్రశ్నలు మరొకరు వాడుకోవాలంటే ఏ ప్రశ్న ఏ స్థాయిదో చెప్పే ఉమ్మడి భాష కావాలి అన్న ఆలోచన సాగింది. ఎనిమిదేళ్ళ కృషి తర్వాత 1956లో బ్లూమ్ సంపాదకత్వాన ఆ వర్గీకరణ అచ్చయింది. జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం – ఇవీ ఆరు మెట్లు. మన పాఠ్యపథకంలోని మొదటి మూడు మాటలు ఇక్కడివే.

అవి ఇంత త్వరగా మనదాకా రావడానికి కారణముంది. డా. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి అధ్యక్షతన విశ్వవిద్యాలయ విద్యాసంఘం 1949లో ఇచ్చిన నివేదిక, విశ్వవిద్యాలయ విద్యలో అన్నిటికన్నా ముందు సంస్కరించవలసినది పరీక్షలనేనని తేల్చింది. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేసిన ఆయనకు ఆ జబ్బు దగ్గరగా తెలియకపోలేదు. 1957లో బ్లూమ్‌ను మనదేశానికి ఆహ్వానించారు. మరుసటి ఏడాదే కేంద్ర పరీక్షా విభాగం ఏర్పడింది. కళాశాలల పరీక్షలపై బ్లూమ్ నాయకత్వాన జరిగిన సదస్సుల నివేదికను విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యుజిసి) ప్రచురించింది. బి.ఎడ్. కళాశాలలు ఈ పద్ధతిని గట్టిగా పట్టుకున్నాయి. విశ్వవిద్యాలయాలు మాత్రం నివేదికను బీరువాలో భద్రపరచి, మూడు గంటల వ్యాసరూప పరీక్షనే నడుపుకున్నాయి.

1962లో రాబర్ట్ మేగర్ ఇంకో మెలిక కలిపాడు. విద్యార్థి ఏమి చేయాలి, ఏ పరిస్థితిలో, ఎంత సరిగా అన్న మూడూ వాక్యంలో ఉండాలన్నాడు. ‘ఓమ్ నియమాన్ని అర్థం చేసుకుంటాడు’ అని వ్రాస్తే పరీక్షకుడు దేన్ని చూసి మార్కు వేయాలి? ‘బ్యాటరీ, నిరోధకాలు, అమ్మీటరు ఇస్తే వలయం కలిపి, ముందుగా లెక్కకట్టిన ప్రవాహానికీ మీటరు చూపినదానికీ తేడా నూటికి ఐదు దాటకుండా చూపగలడు’ అంటే చూడడానికి ఏదో ఉంది. అయితే కవిత్వం పాఠంలోనూ చిత్రలేఖనంలోనూ ఈ కొలబద్ద ఏపాటి? ఆ ప్రశ్న 1967లోనే ఎలియట్ ఐస్నర్ వేశాడు. కళలో ఏమి పుడుతుందో ముందుగా వ్రాసిపెట్టడం కుదరదన్నాడు. నా మట్టుకు ఆయన పక్షమే. భౌతికశాస్త్రానికి సరిపోయిన చొక్కాను సాహిత్యానికి తొడగనక్కరలేదు.

మన దగ్గర ఉన్నతవిద్యలో ఈ పద్ధతి నిజంగా ఉపయోగపడినచోటు ఒకటుంది. 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలసింది (1991 నుంచి డా. బి.ఆర్. అంబేద్కర్ పేరిట నడుస్తున్నది). ఉద్యోగం చేస్తూ ఆ పాఠాలు చదివి పట్టా పుచ్చుకున్నవారు మనలో ఉన్నారు. ఎదురుగా గురువు లేడు. అందుచేత పాఠం మొదటే దాని లక్ష్యాలు చెప్పి, చివర తన్ను తాను పరీక్షించుకునే ప్రశ్నలిచ్చేవారు. ఆ రెండిటికీ పొంతన లేకపోతే చదివేవాడికి వెంటనే తెలిసిపోయేది. పరిశీలకుల కోసం కాక పాఠకుడి కోసం వ్రాసినవి గనుక అవి పనిచేశాయి.

1994లో న్యాక్, ఎన్‌బిఎ సంస్థలు వచ్చాయి. 1996లో జాన్ బిగ్స్ అనే ఆచార్యుడు ఫలితం, బోధన, పరీక్ష మూడూ ఒకే దారిన నడవాలని సిద్ధాంతీకరించాడు. ఇంజనీరింగు పట్టాలను దేశాలు పరస్పరం గుర్తించే వాషింగ్టన్ ఒడంబడికలో భారతదేశం 2014 జూన్‌లో పూర్తి సభ్యత్వం పొందింది. పిల్లలను విదేశాలకు పంపదలచిన కుటుంబాలు ఇక్కడొక సంగతి గమనించాలి: ఈ గుర్తింపు కళాశాల మొత్తానికి కాదు, ఎన్‌బిఎ మొదటి శ్రేణిలో గుర్తించిన కోర్సుకు మాత్రమే. ఆ గుర్తింపుకు ఫలితాల లెక్కలు చూపాలి. ఇక తనిఖీ వచ్చేముందు కళాశాలల్లో దస్త్రాలు పేర్చే హడావుడి చెప్పనలవికాదు. మన పాత రికార్డు రాత్రులు జ్ఞాపకం వస్తాయి!

ఈ హడావుడిలోనూ ఒక మేలు జరిగింది. చాలా ఇంజనీరింగు కళాశాలల ప్రశ్నపత్రంలో ఇప్పుడు మార్కుల గడి పక్కన మరో రెండు గడులుంటున్నాయి. ఒకటి ఆ ప్రశ్న ఏ ఫలితానికి చెందినదో చెప్పే అంకె, రెండోది బ్లూమ్ మెట్టు. సిలబసులో ‘విశ్లేషిస్తారు’ అని ఉన్నచోట ప్రశ్నపత్రంలో అన్నీ ‘నిర్వచించుము’, ‘గూర్చి వ్రాయుము’ అనే వస్తున్నాయా అన్నది తెలుసుకోవడానికి తనిఖీ సంఘం రానక్కరలేదు. ఇంట్లో పిల్లల సిలబసునూ కిందటేటి ప్రశ్నపత్రాన్నీ పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని చూస్తే అరగంట పని.