ఒబాంబ్యులేట్

అటూ ఇటూ తిరుగాడటం, ఒకచోట సంచరించడం అనే అర్థాల్లో 17వ శతాబ్దపు ఇంగ్లీషులోకి వచ్చి, తర్వాత వాడుక తప్పిన క్రియ. మూలం లాటిన్‌లోని ‘ఒబాంబులారే’. ఇందులో ‘ఆంబులారే’ అంటే నడవడం. ముందు చేరిన ‘ఒబ్’ అనే ఉపసర్గకు ఎదుట, వైపు, మీదికి అనే అర్థాలున్నాయి. ఆంబులారేను ఇంకా విడదీస్తే ‘చుట్టూ’ అని చెప్పే ఉపసర్గ, ‘తిరగడం’ అనే ధాతువు బయటపడతాయని భాషాశాస్త్రజ్ఞుల అభిప్రాయం.

రోమన్ కవుల దగ్గర ఇది షికారుకు వాడే మాట కాదు. వర్జిల్ ‘జార్జిక్స్’ మూడో భాగంలో పశువులకు సోకిన మహమ్మారిని వర్ణిస్తూ, రాత్రిళ్లు మందల చుట్టూ తచ్చాడే తోడేలు సైతం ఆ పని మానుకుందంటాడు. ఆ తచ్చాడటానికి వాడిన క్రియ ఇదే. ఓవిడ్ ‘మెటమార్ఫొసెస్’ 14వ భాగంలో దీనికి మరింత పెద్ద పని పెట్టాడు. యులిసెస్ వల్ల ఉన్న ఒక్క కన్నూ పోగొట్టుకున్న రాక్షసుడు పాలిఫీమస్ మూలుగుతూ, చేత్తో చెట్లు తడుముకుంటూ, బండలకు గుద్దుకుంటూ ఎట్నా కొండంతా తిరుగుతాడు.

ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ భయం కాస్తా ఆవిరైంది, పాండిత్యం మాత్రం మిగిలింది. లాటిన్ మాటలను కుప్పలుగా దిగుమతి చేసుకున్న కాలమది. గిట్టనివాళ్లు వాటిని, కొమ్ముతో చేసిన సిరాబుడ్డి పేరు మీద, ‘ఇంక్‌హార్న్’ మాటలని ఎగతాళి చేశారు. థామస్ విల్సన్ 1553లోనే ఈ మోజును వెక్కిరించాడు. పరభాషల కల్తీ లేకుండా ఇంగ్లీషు రాయాలని జాన్ చీక్ 1557లో ఒక ఉత్తరంలో వాదించాడు. మోజు మాత్రం తగ్గలేదు. హెన్రీ కాకరమ్ 1623 నాటి నిఘంటువులో ఒక భాగమంతా మామూలు మాటలకు బరువైన బదులు మాటలు చూపించడానికే కేటాయించాడు.

ఒబాంబ్యులేట్ నిలవకపోవడానికి పోటీయే కారణమనిపిస్తుంది. తిరగడానికి పాత ఇంగ్లీషు నాటి ‘వాండర్’ ఉండనే ఉంది. అదే లాటిన్ మూలం నుంచి ఫ్రెంచి మీదుగా ‘ఆంబుల్’ అప్పటికే వచ్చింది. మొదట అది గుర్రపు నడకల్లో ఒకదాని పేరు. ఒక పక్క కాళ్లు రెండూ కలిసి కదిలే నడక అది. ఊరి పొలిమేరల వెంట నడిచి హద్దులు ఖాయం చేసే లాంఛనం ‘పెరాంబ్యులేషన్’ చేతికి పోయింది.

ఈ కుటుంబంలో అందరికీ తెలిసినది అంబులెన్స్. సైన్యం వెంట కదిలే ఆసుపత్రిని ఫ్రెంచివాళ్లు ‘నడిచే ఆసుపత్రి’ అన్నారు. క్రిమియా యుద్ధం నాటికి (1853–56) ఆ పేరు క్షతగాత్రులను మోసే బండికి అంటుకుంది. పసిపిల్లల తోపుడు బండి ‘ప్రామ్’ పెరాంబ్యులేటర్‌కు కుదింపు.